చిన్న సవరణ – పెద్ద బాధ్యత

ఒక గ్రంథానికి కొత్త ప్రకరణం చేరినప్పుడు పండితులు దానిని శ్రద్ధగా చదువుతారు, గుణదోషాలను విచారిస్తారు. అదే గ్రంథంలో ఒక పదం మారినప్పుడు, ఒక పంక్తి తొలగినప్పుడు ఆ మార్పు పలువురి దృష్టికి రాదు. వచ్చినా ‘ఇంతే కదా’ అనుకొని ముందుకు సాగిపోవడం మానవ సహజం. కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలోనూ ఈ స్వభావమే కనిపిస్తున్నది. కొత్తగా రాసిన వేయి పంక్తులను పదిమంది కూర్చుని పరీక్షిస్తారు. పాత ప్రోగ్రామును శుభ్రపరచే పేరుతో మార్చిన పది పంక్తులను మాత్రం పైపైన చూసి అంగీకరిస్తారు. ఈ అలవాటు ఎంతటి అనర్థానికి దారితీయగలదో, శ్రద్ధతో కూడిన పరిశీలన ఎంతటి మేలు చేయగలదో తెలిసికోవడానికి ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లోని మెమరీ మ్యాపింగ్ విభాగం చక్కని ఉదాహరణ. సవరణ చిన్నదైనంత మాత్రాన దాని పరిశీలన చిన్న పని కాదని, పరిశీలించేవారి శ్రమ రచయిత శ్రమకు ఏమాత్రం తీసిపోదని నా నిశ్చితాభిప్రాయం.

యంత్రానికి, మనం వాడే ప్రోగ్రాములకు నడుమ నిలిచి వ్యవహారమంతటినీ నడిపేది ఆపరేటింగ్ సిస్టమ్. దాని కేంద్రభాగమే కెర్నల్. ఆ మాటకు గింజలోని పప్పు అని అర్థం. 1991లో ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కెర్నల్‌ను రాయడం ప్రారంభించాడు. తొలి రూపంలో అది సుమారు 10 వేల పంక్తుల ప్రోగ్రాము. నేడు అది 3 కోట్ల పంక్తులను మించిపోయింది. ప్రపంచంలోని పెద్ద సర్వర్లలో అత్యధిక భాగం, ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ దీని ఆధారంగానే పని చేస్తున్నాయి. సంతలో కూరగాయలమ్మే మనిషి ఆండ్రాయిడ్ ఫోనులో డబ్బు జమ అయిందో లేదో చూసుకొంటున్నప్పుడు కూడా ఆ తెర వెనుక ఉన్నది ఈ కెర్నలే. కాబట్టి దాని మంచిచెడ్డలు నిపుణులకు మాత్రమే సంబంధించినవి కావు.

కెర్నల్ నిర్వర్తించే విధులలో మెమరీ పంపిణీ ముఖ్యమైనది. ఒకే యంత్రంలో ఏకకాలంలో వందల ప్రోగ్రాములు నడుస్తుంటాయి. ప్రతి ప్రోగ్రామూ మెమరీ అంతా తనదేనన్నట్లు తన సొంత అంకెలతో చిరునామాలను వాడుకొంటుంది. దీనిని భూముల లెక్కతో పోల్చి చూడవచ్చు. ప్రతి గ్రామంలోనూ సర్వే నంబరు 10 ఉంటుంది. కాని ఈ ఊరి 10వ నంబరు, పొరుగూరి 10వ నంబరు ఒకే భూమి కాదు. ఏ నంబరు ఏ నేలకు చెందినదో, దానిపై ఎవరికి ఏ హక్కు ఉన్నదో గ్రామపటం, అడంగలు చూస్తేనే తెలుస్తుంది. అదే విధంగా ఏ ప్రోగ్రాములోని ఏ చిరునామా అసలు మెమరీలోని ఏ భాగాన్ని సూచిస్తున్నదో, అక్కడ చదివే హక్కు మాత్రమే ఉన్నదో, రాసే హక్కు కూడా ఉన్నదో కెర్నల్ పట్టికలలో నమోదై ఉంటుంది. మెమరీని పేజీలనే సమభాగాలుగా విభజిస్తారు. చాలా యంత్రాలలో ఒక్కొక్క పేజీ పరిమాణం 4096 బైట్లు. ఒక ఫైలునో, ఒక పరికరాన్నో, ఖాళీ పేజీలనో ఒక ప్రోగ్రాము చిరునామాలతో జతపరచడమే మెమరీ మ్యాపింగ్. ఈ లెక్కలో పొరపాటు దొర్లితే ఒకరి పొలం మరొకరి పేర నమోదైనట్లే. దానిని ఆసరాగా చేసుకొని ఒక సామాన్య ప్రోగ్రాము ఇతరుల రహస్యాలను చదువగలదు. ఒక్కొక్కప్పుడు యంత్రాన్నంతటినీ తన అధీనంలోకి తెచ్చుకోగలదు.

మూడు దశాబ్దాలకు పైగా వేలాదిమంది చేతులు పడిన ప్రోగ్రాములో కాలక్రమాన కొంత చెత్త పేరుకొంటుంది. ఒకే పనిని రెండుచోట్ల రెండు విధాలుగా చేయడం, అర్థం మారిపోయినా పాత పేర్లే నిలిచి ఉండడం, అవసరం తీరిన పంక్తులు అలాగే మిగిలిపోవడం ఇందుకు ఉదాహరణలు. వీటిని సరిచేయడాన్ని శుద్ధి అంటారు. శుద్ధి వల్ల ప్రోగ్రాము ప్రవర్తన మారరాదు. చదివేవారికి సులభంగా బోధపడాలి. అదే దాని ప్రయోజనం. లినక్స్‌లో ఇటువంటి ప్రతి మార్పునూ ప్యాచ్ అనే రూపంలో ఆ విభాగపు నిర్వాహకులకు పంపాలి. మార్పు ఏమిటో, ఎందుకో రచయిత వివరించాలి. దానిని చదివి సంతృప్తి చెందినవారు తాము పరిశీలించామని తమ పేరుతో నమోదు చేస్తారు. రచయిత పేరుతోపాటు పరిశీలకుని పేరు కూడా కెర్నల్ చరిత్రలో శాశ్వతంగా నిలుస్తుంది. ఆ ఒక్క పంక్తి మర్యాద కోసం పెట్టే సంతకం కాదు, పూచీకత్తు.

ఇక ఒక చిన్న ఉదాహరణను పరిశీలిద్దాం. ఒక ప్రోగ్రాము మెమరీ మ్యాపింగ్ కోరినప్పుడు లినక్స్ కెర్నల్ మొదట కోరిన పొడవు సున్నాయేమో చూస్తుంది. సున్నా అయితే ఆ కోరికను తిరస్కరిస్తుంది. తరువాత ఆ పొడవును నిండు పేజీల లెక్కకు పెంచుతుంది. 5000 బైట్లు కోరితే రెండు పేజీలు, అనగా 8192 బైట్లు అవుతాయి. ఆ వెంటనే కెర్నల్ మరల పొడవు సున్నాయేమో చూస్తుంది. మొదటిసారి చదివేవారికి ఇది వింతగా తోస్తుంది. సున్నా కాదని ఒకసారి తేలిన తరువాత, దానిని పెంచిన తరువాత, మళ్ళీ సున్నా ఎలా అవుతుంది? ఉత్సాహవంతుడైన యువకుడు ఎవరైనా ‘ఇది అనవసరమైన పునరుక్తి; తొలగిస్తున్నాను’ అని ఒక చక్కని ప్యాచ్ పంపవచ్చు. పైపైన చూసే పరిశీలకుడు దానిని మెచ్చుకోనూవచ్చు.

కాని ఆ రెండవ పరీక్ష అనవసరమైనది కాదు. 32 బిట్ల యంత్రంలో పొడవును తెలిపే అంకె 429,49,67,295ను మించలేదు. కోరిన పొడవు ఆ గరిష్ఠ సంఖ్యకు అతి సమీపంలో ఉన్నదనుకొందాం. దానిని పై పేజీకి పెంచగానే అంకె తన హద్దు దాటి సున్నాకు చేరుతుంది. పాతకాలపు వాహనంలోని దూరపు మీటరులో తొమ్మిదులన్నీ నిండాక తిరిగి సున్నాలు వచ్చినట్లన్నమాట. అత్యధికమైన పొడవును కోరినవాడు ఈ విధంగా ఏమీ కోరనివానిగా మారిపోతాడు. మొదటి పరీక్ష అర్థంలేని కోరికను పట్టుకొంటుంది. రెండవది అసాధ్యమైన కోరికను పట్టుకొంటుంది. అందువల్లనే ఆ రెండు సందర్భాలలో కెర్నల్ ఇచ్చే సమాధానాలు కూడా వేర్వేరు. మొదటిదానికి ‘కోరిక సరైనది కాదు’ అని, రెండవదానికి ‘అంత మెమరీ లేదు’ అని చెబుతుంది. మన అలంకారశాస్త్రంలో లాటానుప్రాస అనే శబ్దాలంకారం ఉన్నది. అర్థభేదం లేకపోయినా తాత్పర్యభేదంతో అదే పదం మళ్ళీ వస్తే అది లాటానుప్రాస. దానిని పునరుక్తి దోషమని తొలగించినవాడు పద్యాన్ని చెరిపినవాడే అవుతాడు. ప్రోగ్రాము పంక్తులకూ ఈ న్యాయం వర్తిస్తుంది. పంక్తి రూపాన్ని మాత్రమే కాక, అది ఉన్న చోటునుబట్టి దాని తాత్పర్యాన్ని తెలిసికోవడమే పరిశీలన.

ఇది కేవలం ఊహాజనితమైన భయం కాదనడానికి కెర్నల్‌కు వెలుపల జరిగిన ఒక సంఘటన నిదర్శనం. లినక్స్‌ను ప్రజలకు అందించే పంపిణీలలో డెబియన్ ప్రసిద్ధమైనది. అందులో రహస్య కీలను తయారుచేసే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాములో 2006 సెప్టెంబరులో ఒక చిన్న శుద్ధి జరిగింది. దోషాలను వెదికే ఒక సాధనం, విలువ నింపని మెమరీని ఈ ప్రోగ్రాము వాడుకొంటున్నదని హెచ్చరించింది. ఆ హెచ్చరిక రాకుండా చేయడానికి రెండు చోట్ల ఒకే రూపంలో ఉన్న రెండు పంక్తులను పక్కన పెట్టారు. అలా చేయవచ్చునా అని ముందుగా అడగకపోలేదు; గట్టి అభ్యంతరమూ రాలేదు. ఆ రెండింటిలో ఒకదానిని తీసివేసినందువల్ల నష్టం లేదు. రెండవది మాత్రం కీలకు ఊహింపరాని స్వభావాన్ని సమకూర్చే ప్రధాన ద్వారం. అది మూతపడడంతో లెక్కలేనన్ని విధాలుగా ఉండవలసిన కీలు, ఒక్కొక్క తరహాకు 32,768కి మించకుండా పోయాయి. అన్నింటిని ఒక సాధారణ కంప్యూటరుతో వరుసగా ప్రయత్నించి చూడవచ్చు. 2008 మే నెలలో ఈ సంగతి వెల్లడి అయ్యేవరకు లోకంలో ఎందరో ఆ బలహీనమైన కీలనే నమ్ముకొని ఉన్నారు. ఒకే రూపం, రెండు తాత్పర్యాలు. చూడవలసినవారు రూపాన్ని మాత్రమే చూశారు.

అంతమాత్రాన శుద్ధి పనికిరానిదని చెప్పరాదు. శ్రద్ధతో చేసిన శుద్ధి భావికి పునాది వేస్తుందనడానికి కెర్నల్‌లోనే మంచి నిదర్శనం ఉన్నది. ఒక ప్రోగ్రాము మెమరీ పట్టికలను ఒకేసారి పలువురు చదవవచ్చు. మార్చేటప్పుడు మాత్రం ఒక్కరే ఉండాలి. ఈ క్రమశిక్షణను కాపాడేందుకు ఒక తాళం ఉన్నది. దానికి చాలాకాలం ఎమ్‌మ్యాప్ సెమ్ అనే పేరుండేది. కెర్నల్‌లోని వందలాది స్థలాలలో ఆ తాళాన్ని నేరుగా వేయడం, తీయడం జరుగుతూ ఉండేది. 2020లో వెలువడిన 5.8 సంచికలో ఈ పద్ధతిని మార్చారు. చదవడానికి తాళం వేయడం, రాయడానికి తాళం వేయడం, తీయడం అనే పనులకు చిన్న చిన్న ఫంక్షన్లను ఏర్పరచి, అన్నిచోట్లా వాటినే వాడేటట్లు చేసి, చివరకు తాళం పేరును ఎమ్‌మ్యాప్ లాక్ అని మార్చారు. చాలా భాగాన్ని ఒక సాధనం సహాయంతో మార్చగా, ఆ సాధనానికి చిక్కని చోట్లను మనుషులు చూసి సరిచేశారు. వాడుకరికి కనిపించే ప్రయోజనం ఆనాడు ఒక్కటీ లేదు. కాని 2023లో వెలువడిన 6.4 సంచికలో, మెమరీ అంతటికీ ఒకే తాళం కాక, ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క తాళం ఉండే ఏర్పాటు వచ్చింది. పెద్ద తాళాన్ని తీసేటప్పుడే చిన్న తాళాలన్నీ వదలిపోవాలి. ఆ పనిని చేర్చడానికి, మూడేళ్ళ క్రితం శుద్ధిలో ఏర్పడిన ఫంక్షనే అనువైన స్థానమైంది. వందలాది చోట్ల వెదకవలసిన అవసరం తప్పింది.

పరిశీలకుడు తెలిసికోవలసిన మరొక గుణపాఠం కూడా ఈ విభాగంలోనే ఉన్నది. 2022 డిసెంబరులో వెలువడిన 6.1 సంచికలో మెమరీ ప్రాంతాల వివరాలను దాచే పాత వృక్షాకార నిర్మాణానికి బదులుగా మేపుల్ ట్రీ అనే కొత్త నిర్మాణాన్ని ప్రవేశపెట్టారు. ఇది చిన్న మార్పు కాదు. చిరకాలం శ్రమించి చేసినది. అయితే ప్రోగ్రాముకు అవసరమైనప్పుడు స్టాక్ అనే ప్రాంతం సరిహద్దును కొంచెం జరిపే పాత పంక్తులు అలాగే ఉండిపోయాయి. అవి చదివే తాళంతోనే ఆ పని చేసేవి. పాత నిర్మాణంలో దానివల్ల ప్రమాదం కలగలేదు. కొత్త నిర్మాణంలో సరిహద్దులే సూచికలు కనుక, సరిహద్దు జరిపితే ఆ వివరాలున్న భాగాన్నే తీసివేసి కొత్తది పెట్టవలసి వచ్చేది. అదే సమయంలో మరొకరు పాత భాగాన్ని చదువుతూ ఉంటే, వారు చదువుతున్న చోటు విడుదలైపోయి పరుల పాలు కావచ్చు. 2023 జూన్ 15న ఒక పరిశోధకుడు ఈ లోపాన్ని తెలియజేశాడు. స్టాక్‌రాట్ అనే పేరుతో అది ప్రసిద్ధమైంది. స్టాక్‌ను పెంచేటప్పుడు రాసే తాళమే వేయాలనే సవరణ అదే నెల 28న కెర్నల్‌లో చేరింది. ఇక్కడ గమనించవలసినదేమనగా, ప్రమాదం మార్చని పంక్తులలో దాగి ఉన్నది. ప్యాచ్ మార్చినవాటిని, వాటి ఇరుగుపొరుగు పంక్తులను మాత్రమే చూపుతుంది. దానిని మాత్రమే చదివి ‘బాగున్నది’ అనడం సగం పరిశీలన. ఈ మార్పు మీద ఆధారపడిన మారని పంక్తులు ఏవి అని అడగడం మిగిలిన సగం.

శుద్ధి ప్యాచ్‌ల పట్ల కొందరు అనుభవజ్ఞులకు విముఖత ఉన్నది. చక్కగా నడుస్తున్నదానిని కదపరాదని వారి వాదం. ఊరకే ఖాళీలను సర్దడం, పేర్లను మార్చడం వల్ల పాత చరిత్రను వెదకడం కష్టమవుతుందని, ముఖ్యమైన దోషసవరణలను పాత సంచికలకు తీసికొనిపోవడం కష్టతరమవుతుందని వారంటారు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. అలంకారం కోసం చేసే మార్పులు పరిశీలకుల అమూల్యమైన కాలాన్ని హరిస్తాయి. కాని ఎవరికీ అర్థం కాకుండా నడిచే ప్రోగ్రాము ఎంతకాలం భద్రంగా ఉంటుంది? అర్థం కానిదానిని సరిచేయడానికి భయపడతాం. సరిచేయనిది మరింత అర్థం కాకుండా పోతుంది. కాబట్టి శుద్ధిని నిషేధించడం మార్గం కాదు. కారణం చూపిన శుద్ధిని ఆదరించి, కారణం లేనిదానిని మర్యాదగా తిప్పిపంపడమే మార్గం.

ఈ విచక్షణ ప్రాచీన గ్రంథాల పరిష్కర్తలకు చిరపరిచితం. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ తెలుగు కావ్యాల ప్రతులను సేకరించి, పండితులచేత ఒకదానితో ఒకటి సరిపోల్చి చూపించారు. ప్రతులను సరిపోల్చేవారికి ఒక సంగతి అనుభవంలోకి వస్తుంది. లేఖకుని అజాగ్రత్త వల్ల ఏర్పడిన తప్పును గుర్తించడం సులభం. అక్కడ గణం తప్పుతుంది, అర్థం చెడుతుంది. తెలివైన లేఖకుడు తనకు తెలియని అరుదైన పదాన్ని తీసివేసి, తనకు తెలిసిన పదాన్ని పెట్టిన చోటును గుర్తించడం కష్టం. అక్కడ ఛందస్సు సరిపోతుంది, అర్థమూ కుదురుతుంది, కవి పదం మాత్రం పోతుంది. శుద్ధి ప్యాచ్‌లోని ప్రమాదం ఈ రెండవ కోవకు చెందినది. మార్చిన ప్రోగ్రాము నడుస్తుంది, పరీక్షలన్నీ నెగ్గుతుంది, ఎవరో ఎన్నడో ఒక కారణంతో పెట్టిన రక్షణ మాత్రం పోతుంది.

కనుక చిన్న శుద్ధిని పరిశీలించేవారు కొన్ని నియమాలను పాటించాలి. తొలగించే పంక్తిని మొదట ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేర్చారో చరిత్రలో చూడాలి. 2005 నుండి కెర్నల్ మార్పుల చరిత్రను భద్రపరుస్తున్న గిట్ అనే సాధనం ఇందుకు తోడ్పడుతుంది. కారణం తెలియనంతవరకు తొలగింపునకు అంగీకరించరాదు. శుద్ధిని, ప్రవర్తనలో మార్పును ఒకే ప్యాచ్‌లో కలపనీయరాదు. కలిపితే శుద్ధి చాటున మార్పు దాగిపోతుంది. పని సవ్యంగా సాగే దారినే కాక, మధ్యలో విఫలమైనప్పుడు తిరిగివచ్చే దారిని కూడా చదవాలి. అప్పటివరకు తీసికొన్న పేజీలు, వేసిన తాళాలు వేసిన క్రమానికి విలోమంగా విడుదలవుతున్నాయో లేదో చూడాలి. సందేహం కలిగినప్పుడు, అది ఎంత అల్పంగా తోచినా, అడగడానికి సంకోచించరాదు. అడిగిన కొత్తవారిని అపహసించరాదు. రచయిత కూడా ప్రశ్నను అవమానంగా భావించరాదు.

మన తెలుగు రాష్ట్రాల నుండి ఏటా ఎందరో యువతీయువకులు సాఫ్ట్‌వేర్ రంగంలో ప్రవేశిస్తున్నారు. కొత్త ప్రోగ్రామును రాయడంలో వారికి శిక్షణ లభిస్తున్నది. ఇతరులు రాసిన ప్రోగ్రామును ఓపికతో చదివి, దాని తాత్పర్యాన్ని గ్రహించి, మంచిచెడ్డలు చెప్పడంలో మాత్రం తగినంత శిక్షణ లేదు. ప్రయోగశాలలో రాసినదానికి మార్కులుంటాయి, చదివినదానికి ఉండవు. ఈ లోపాన్ని సవరించడం కష్టమేమీ కాదు. ఒక విద్యార్థి రాసిన ప్రోగ్రామును మరొక విద్యార్థి చేత పరిశీలింపజేసి, ఆ పరిశీలనకు కూడా మార్కులు కేటాయిస్తే చాలు. వ్యాఖ్యాన సంప్రదాయం గల భాషలో పుట్టిన మనకు ఈ విద్య కొత్తది కాదు. మూలాన్ని గౌరవిస్తూనే ప్రశ్నించడం, ప్రతి పదానికీ ప్రయోజనాన్ని వెదకడం మన వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా చేసిన పనే. ఆ శ్రద్ధను నేటి యువత కంప్యూటరు ప్రోగ్రాముల పఠనంలోనూ చూపగలిగితే, కోట్లాది ప్రజల ధనమానాలను, రహస్యాలను కాపాడే ఈ అదృశ్య యంత్రాంగానికి వారు నమ్మదగిన కాపరులు కాగలరు.